వేసవి సెలవుల్లో తెలుగు చదువు: ఇంటి మాట నుంచి కావ్యం దాకా

వార్షిక పరీక్షలు ముగిసే రోజుల్లో మా పీఠానికి వచ్చే విద్యార్థులు దాదాపు అందరూ ఒకే ప్రశ్న వేస్తుంటారు: సెలవుల్లో తెలుగులో ఏం చదవాలి? ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము చెప్పే సమాధానం. పదో తరగతి దాటి కర్ణాటకలో పి.యు.సి., తమిళనాడు, ఒడిశాలలో ప్లస్ టూ, మహారాష్ట్రలో జూనియర్ కాలేజీ చదువుతున్నవారినీ, యానాంలో అదే స్థాయిలో ఉన్నవారినీ, వారిలోనూ ముఖ్యంగా సాహిత్యాన్ని ఇష్టపడి చదవాలనుకునేవారినీ ఉద్దేశించి దీన్ని రాస్తున్నాము.

ఇలాంటి ప్రశ్నకు సాధారణంగా పది గొప్ప పుస్తకాల పట్టిక ఇచ్చి పంపిస్తారు. మేమూ కొన్నేళ్లు అలాగే చేశాము. కానీ తెలుగు రాష్ట్రాల్లోని పిల్లలకు పనికివచ్చే పట్టిక మీకు అదే వరుసలో పనికిరాదని అనుభవం మీద తెలిసింది. పట్టిక తీసుకువెళ్లినవారిలో చాలామంది మొదటి పుస్తకం మధ్యలోనే ఆగిపోయేవారు. వారికి తెలివి చాలకనో, శ్రద్ధ లేకనో కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో మేమే సరిగా చెప్పలేదు.

రెండు చిక్కులు

మొదటి చిక్కు లిపి. మీలో చాలామందికి తెలుగు చెవికి తెలిసినంత కంటికి తెలియదు. బడిలో తెలుగుకు దక్కే సమయం తక్కువ. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పదో తరగతి దాకా తప్పనిసరి పాఠ్యాంశమయింది. ఉన్న రాష్ట్రపు భాష నేర్చుకోవడం మంచిదే, అవసరమే. అయితే ఇంటి భాషకు బడిలో చోటు తగ్గిన పిల్లలకు ఆ లోటు తీర్చుకునే వీలు వేసవి సెలవుల్లోనే ఉంటుంది.

లిపి చిక్కు కనిపించినంత పెద్దది కాదు. కన్నడం చదవగలిగినవారు తలకట్టు తేడానూ, క, త, శ వంటి కొద్ది అక్షరాల రూపాలనూ పట్టుకుంటే చాలు, వారం పది రోజుల్లో తెలుగు పేజీ నడుస్తుంది. మరాఠీ, ఒడియా చదివినవారికి వర్ణమాల వరుస తెలిసిందే, ఆకారాలే కొత్త. అయితే ఆ లిపుల్లో ఎ-ఏ, ఒ-ఓ అనే హ్రస్వ దీర్ఘాల తేడా లేదు కాబట్టి మెడ, మేడ, తొడ, తోడు వంటి మాటల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం కనుక తమిళం చదివినవారు గాలి, కాలి, గంప, కంప వంటి జంటలను పైకి చదివి అలవాటు చేసుకోవాలి.

రెండో చిక్కు ఇంతకంటె లోతైనది. ఒక ఏడు ప్రవేశాల సమయంలో హోసూరు వైపు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. దరఖాస్తులో మాతృభాష దగ్గర తెలుగు అని రాశాడు. "ఇంట్లో తెలుగే మాట్లాడతారా?" అని అడిగాము. కాసేపు తటపటాయించి, "అది తెలుగు కాదు సార్, ఊరికే మా ఇంటి మాట" అన్నాడు. ఎందుకలా అంటున్నావంటే, "పుస్తకంలో వచ్చాడు అని ఉంటుంది. మేము వచ్చినాడు అంటాము. తప్పు గదా సార్" అన్నాడు.

ఆ తరువాత ఇదే మాట ఇంకా చాలామంది నోట విన్నాము. ఊళ్లు వేరు, ఉదాహరణలు వేరు, సిగ్గు మాత్రం ఒకటే. తన ఇంటి మాట తప్పని నమ్మిన విద్యార్థి పుస్తకం తెరిచిన ప్రతిసారీ తాను పరాయివాడినే అనుకుంటాడు. కొన్నాళ్లకు తెరవడం మానేస్తాడు. కాబట్టి పుస్తకాల పేర్లు చెప్పేముందు ఈ సంగతి తేల్చుకోవాలి.

"వచ్చినాడు" తప్పా?

భాషాశాస్త్రం చెప్పే సమాధానం సూటిగానే ఉంది. వచ్చినాడు అన్నదే పాత రూపం. దానిలోని నడిమి అక్షరం జారిపోయి వచ్చాడు అయింది. చేసినాడు అన్నది చేశాడు కావడం కూడా ఇలాంటిదే. ఈ మార్పు కోస్తా నడిమి జిల్లాల మాటలో స్థిరపడింది, ఆ మాట అచ్చులోకి ఎక్కువగా వచ్చింది కనుక ప్రమాణమయింది. రాయలసీమలోనూ, ఉత్తరాంధ్రలోనూ, దక్షిణాదికి వలసపోయిన తెలుగువారిలోనూ పాత రూపం నిలిచింది. తెలంగాణలో అది వచ్చిండు అని మరో దారి పట్టింది. ఇండ్లు, కండ్లు, పండ్లు అన్నవీ ఇంతే. ఇళ్లు, కళ్లు, పళ్లు వాటి తరువాత వచ్చిన రూపాలు. మీ అవ్వ "ఇండ్లు" అంటే ఆమె తప్పు మాట్లాడటం లేదు, పుస్తకం కంటె పాత తెలుగు మాట్లాడుతున్నది.

అలాగని ఇంటి మాటలో ఉన్నదంతా పురాతనమని అనుకోకూడదు. పక్క భాషల నుంచి వచ్చి చేరిన మాటలు ఎన్నో ఉంటాయి. పరీక్షల్లోనూ వ్యాసాల్లోనూ ప్రమాణ భాష రాయక తప్పదు. మేము చెప్పేది ఒకటే. ప్రమాణ భాషను మీకు ఇప్పటికే వచ్చిన తెలుగుకు తోడుగా నేర్చుకోండి, దాన్ని చెరిపేసి ఆ చోట కాదు. చదువు వరుస కూడా దీన్నిబట్టే ఉండాలి: ముందు మీ ఇంటికి దగ్గరగా ఉన్న తెలుగు, తరువాత అందరి తెలుగు, ఆ తరువాత పాత తెలుగు. ఆరు వారాల సెలవులను రెండేసి వారాల చొప్పున ఈ మూడింటికీ పంచవచ్చు.

మొదటి రెండు వారాలు: దగ్గరి తెలుగు

ఇక్కడ అందరికీ ఒకే పుస్తకం చెప్పలేము. మీరున్న చోటును బట్టి ఎంచుకోవాలి.

హోసూరు, కృష్ణగిరి, కోలారు ప్రాంతాల వారికి చిత్తూరు జిల్లా పల్లె మాట సొంతమాటలాగే వినిపిస్తుంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' ఆ మాటలోనే ఉంది. వాక్యాలు చిన్నవి, చెప్పే తీరు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుగా ఉంటుంది. చెన్నై ఉత్తరాన, పులికాట్ సరస్సు పరిసరాల వారు స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదవాలి. ప్రళయకావేరి అన్నది ఆ సరస్సుకే ఉన్న తెలుగు పేరు. చేపలు, పక్షులు, ఉప్పునీళ్లు, అక్కడి వంటలు, వాటికి అక్కడివారు పెట్టుకున్న పేర్లు ఆ కథల నిండా ఉంటాయి. బళ్లారి, పావగడ వైపు వారికి కేతు విశ్వనాథరెడ్డి, మధురాంతకం రాజారాం కథలు దగ్గరవి. రాజారాంకు 1993లోనూ, విశ్వనాథరెడ్డికి 1996లోనూ కథాసంపుటాలకే కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కరువు, వాన కోసం ఎదురుచూపు, అప్పు, పల్లెలో బడిపంతులు: ఈ కథల లోకం మీకు కొత్త కాదు.

ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వారు ఉత్తరాంధ్ర కథకులతో మొదలుపెట్టాలి. విజయనగరం చాసో కథలు పొట్టివి. 'కుంకుడాకు' ఒక్క కూర్చునిలోనే అయిపోతుంది, కానీ చాలాకాలం మనసులో ఉంటుంది. ఆ తరువాత కాళీపట్నం రామారావు కథలు. ఆయన 'యజ్ఞం' పెద్ద కథ, తొందర లేకుండా చదవాలి. ఆయనే 1997లో శ్రీకాకుళంలో తెలుగు కథలన్నిటినీ ఒకచోట చేర్చాలని కథానిలయం స్థాపించారు. బరంపురం నుంచి రైలులో వెళ్లి రాగలిగిన దూరమే కనుక వీలైతే సెలవుల్లో ఒకసారి చూసి రండి.

షోలాపూరు, భివండి, ముంబై తెలుగువారిలో చాలామంది పెద్దలు తెలంగాణ నుంచి మగ్గం పనికో, మిల్లు పనికో, కూలికో వచ్చినవారు. పి. యశోదారెడ్డి 'మా వూరి ముచ్చట్లు' వారి ఇంటి ఆడవారి మాటను ఉన్నదున్నట్టు పట్టుకున్న పుస్తకం. దాని తరువాత వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' నవల చదవవచ్చు. చేనేత కుటుంబాల పిల్లలకు మరో మాట. భద్రిరాజు కృష్ణమూర్తి మొదలుపెట్టిన మాండలిక వృత్తిపదకోశాల్లో మొదటిది 1962లో వ్యవసాయం మీద, రెండోది 1971లో చేనేత మీద వచ్చింది. మీ తాత మగ్గం దగ్గర వాడిన మాటలు అందులో ఉన్నాయేమో వెతికి చూడండి. లేని మాట కనిపిస్తే రాసిపెట్టుకోండి.

యానాం వారి ఇంటి మాట గోదావరి మాట. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లోని సంభాషణలు చదువుతుంటే వీధి అరుగు మీద కూర్చుని విన్నట్టే ఉంటుంది. చదరంగం ఆట చుట్టూ నడిచే 'వడ్లగింజలు' కథతో మొదలుపెట్టండి. ఆట రానివారు కూడా చివరిదాకా వదలరు.

తరువాతి రెండు వారాలు: అందరి తెలుగు

ఈ రెండు వారాలకు రెండు పుస్తకాలు చాలు. ఒకటి సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'. కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊరి చుట్టూ అల్లిన నూరు చిన్న కథలు, బాపు బొమ్మలు. రోజుకు మూడు నాలుగు కథలు హాయిగా చదవవచ్చు. నూరూ పూర్తి కాకపోయినా నష్టం లేదు. ప్రమాణ తెలుగు వాక్యం ఎలా నడుస్తుందో, ఎక్కడ ఆగుతుందో చెవికి పట్టుబడటానికి ఇంతకంటె సులువైన దారి మాకు తెలియదు.

రెండోది గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'. 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో బాగా పెంచి తిరిగి రాసిన రెండో కూర్పు వచ్చింది. మనం చదివేది ఆ రెండో కూర్పునే. డబ్బు తీసుకుని చిన్నపిల్లలను ముసలివారికిచ్చి పెళ్లి చేసే దురాచారం మీద రాసిన నాటకం ఇది. ఇందులో ఎవరి తెలుగు వారిదే. ఇంగ్లీషు ముక్కలు కలిపి మాట్లాడే గిరీశం ఒక తీరు, అగ్రహారం బ్రాహ్మలు ఒక తీరు, మధురవాణి ఒక తీరు. భాష మనిషిని బట్టి మారుతుందని, ఆ మార్పులోనే సాహిత్యం ఉందని ఈ నాటకం చూపిస్తుంది. తన ఇంటి మాటను చూసి సిగ్గుపడే విద్యార్థి చదవవలసిన పుస్తకం ఇదే. ఒంటరిగా కాక, అక్కచెల్లెళ్లో అన్నదమ్ములో స్నేహితులో కలిసి పాత్రలు పంచుకుని పైకి చదవండి. ఏడు అంకాలు, రెండు రోజులకు ఒకటి. నాటి కులాల తీరూ, మోటు మాటలూ అక్కడక్కడా నొప్పిస్తాయి. వాటిని దాటవేయక, ఎవరు ఎవరిని అంటున్నారో, ఎందుకంటున్నారో గమనించండి.

ఇంకా సమయం మిగిలితే కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' నవల తీసుకోండి. సుందరం అనే కుర్రవాడి చదువు ఎలా సాగిందో, ఆ చదువు అతనికి ఏమిచ్చిందో ఏమివ్వలేదో చెప్పే నవల. మీ వయసువారే దీనికి సరైన పాఠకులు. కుటుంబరావు చాలా ఏళ్లు మద్రాసులో 'చందమామ' పత్రిక నడిపిన రచయిత. మీ నాన్నలు, తాతలు తెలుగు చదవడం ఆ పత్రికతోనే నేర్చుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

చివరి రెండు వారాలు: పాత తెలుగు

పద్యం అనగానే భయపడవద్దు. మొదట వేమన. రోజుకు ఐదు పద్యాలు, కంఠస్థం ఒక్కటి. సి.పి. బ్రౌన్ 1829లోనే వేమన పద్యాలు అచ్చువేయించారు. ఇంట్లో పెద్దలకు వచ్చిన వేమన పద్యాలు అడిగి, అచ్చులోని పాఠంతో పోల్చి చూడండి. తేడాలు దొరుకుతాయి. నోటి పాఠం, రాత పాఠం అన్న పెద్ద విషయానికి అదే తొలి పాఠం. పద్యాలతోపాటు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 'వేమన' ఉపన్యాసాలు తిరగేయండి. ఆయన మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు బోధించినవారు, కన్నడంలోనూ వ్యాసాలు రాసినవారు.

ఆ తరువాత ధైర్యం చేసి ఒక కావ్యంలో పది పద్యాలు చదవండి. మేము సూచించేది చేమకూర వెంకటకవి 'విజయవిలాసం'. పదిహేడో శతాబ్దిలో తంజావూరును ఏలిన రఘునాథ నాయకుని ఆస్థానంలో పుట్టిన కావ్యం. మాటలతో ఆడుకోవడంలో ఈ కవికి సాటి తక్కువ కనుక వ్యాఖ్య లేకుండా చదివితే సగం అందదు. తాపీ ధర్మారావు రాసిన 'హృదయోల్లాస వ్యాఖ్య'తో చదవండి. పద్యాన్ని విప్పి, ఇందులో సొగసు ఎక్కడుందో మాస్టారు పక్కన కూర్చుని చెప్పినట్టు చెబుతుంది. ఈ వ్యాఖ్యకు 1971లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఈ ఒక్క పుస్తకం వెనుక ఉన్న ఊళ్లను గమనించండి. కావ్యం పుట్టింది తంజావూరులో. వ్యాఖ్యాత పుట్టింది నేటి ఒడిశాలోని బరంపురంలో. ఆయన పత్రికల్లో పనిచేసిన కాలం మద్రాసుది. ఆయనకు గురుతుల్యుడైన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉండి, పుస్తకాల్లో వాడుకభాషే రాయాలని జీవితమంతా పోరాడినవారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వచ్చారు. వీరందరి ఊళ్లూ నేడు తెలుగు రాష్ట్రాల పటం బయట ఉన్నాయి. కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' రాసిన హంపీ కూడా అంతే. తెలుగు సాహిత్యంలో మీ ఊరికి చోటు లేదని ఎవరైనా అంటే ఈ వరుస చెప్పండి.

సంగీతం నేర్చుకునేవారికి ఇంకొక దగ్గరి దారి ఉంది. మీకు పాడటం వచ్చిన త్యాగరాజ కీర్తన ఒకటి తీసుకుని, రాగం పక్కన పెట్టి, వచనంలా పదం పదం విడదీసి అర్థం రాయండి. తిరువయ్యారులో ఉండి ఆయన రాసిన తెలుగును తమిళనాట ఎందరో అర్థం తెలియకుండానే పాడుతున్నారు. అర్థం తెలిసి పాడే వీలు మీకుంది.

ఎలా చదవాలి

రోజుకు ఒక గంట చాలు. అందులో అరగంట పైకి చదవాలి. కంటితో గుర్తుపట్టని మాట చాలాసార్లు చెవికి దొరుకుతుంది. ఇంట్లో తెలుగు బాగా మాట్లాడే పెద్దవారు, చదువు రాని అవ్వ అయినా సరే, పక్కన కూర్చుంటే ఇంకా మంచిది. ఒక మాట దగ్గర మీరు తడబడితే, "అదా, అది మేము ఇట్లా అంటాము" అని ఆమే చెబుతుంది.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పేజీని మూడు నిలువు గళ్లుగా చేసి, మొదటి గడిలో పుస్తకంలోని మాట, రెండో గడిలో మీ ఇంట్లో దానికి అనే మాట, మూడో గడిలో మీరు బడిలో చదివే కన్నడం, తమిళం, ఒడియా లేదా మరాఠీలోని మాట రాయండి. తెలియని ప్రతి మాటకూ నిఘంటువు తెరవవద్దు, కథ తెగిపోతుంది. పేజీ పూర్తయ్యాక కావలసిన మాటలు మాత్రమే చూడండి. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు, 1885లో వచ్చిన శబ్దరత్నాకరం ఇప్పటికీ పనికివస్తాయి. ఈ రెంటినీ అంతర్జాలంలో ఆంధ్రభారతి నిఘంటువులో వెతకవచ్చు.

రెండో భాష వచ్చి ఉండటం మీకు అదనపు బలం. తమిళం చదవగలిగినవారు కి. రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలను తమిళంలోనే చదవాలి. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్ ఊరిలో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన ఆయన, తమ పెద్దలు తెలుగుదేశం విడిచి దక్షిణానికి వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను 1976లో తమిళ నవలగా రాశారు. దానికి కొనసాగింపుగా రాసిన నవలకు 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కన్నడం వచ్చినవారు వేమన పక్కన సర్వజ్ఞ త్రిపదులు పెట్టి చదవవచ్చు. ఇలా పోల్చి చదివే అవకాశం ఒకే భాష తెలిసినవారికి లేదు.

సెలవుల చివర ఒక పని చేయండి. చదివినవాటిలో మీకు నచ్చిన ఒక కథ గురించి రెండు పేజీలు రాయండి. ఒక పేజీ ప్రమాణ తెలుగులో, ఒక పేజీ మీ ఇంటి మాటలో. రెంటినీ మీ ఉపాధ్యాయులకు చూపండి. మా పీఠానికి పంపితే మేమూ చదువుతాము, తప్పొప్పులు గుర్తించి తిరిగి పంపుతాము.

హోసూరు నుంచి వచ్చిన ఆ అబ్బాయి ఆ ఏడు మా దగ్గరే చేరాడు. మొదటి నెల తరగతిలో నోరు విప్పలేదు. ఒకరోజు చిత్తూరు మాటలోని కథ ఒకటి పైకి చదవమని ఇస్తే, రెండో పేజీకి వచ్చేసరికి పుస్తకం దించి, "సార్, ఇది మా అవ్వ మాట" అన్నాడు. తరువాత తానే అడిగి ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోయాడు. పుస్తకం తిరిగివచ్చినప్పుడు అందులో ఒక కాగితం ఉంది. దాని మీద నలభై దాకా మాటలు, వాటి ఎదురుగా అవ్వ చెప్పిన అర్థాలు. వాటిలో నాలుగు మాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు.